ఎక్కని ఎరుపు

సార్ పోయిన సంగతి నాకు పోస్టుకార్డు చెప్పింది. ఆయన దగ్గర్నుంచి ఏడాదికి రెండు మూడు కార్డులు వచ్చేవి కాబట్టి, డోర్నకల్ ముద్ర చూసి ఇదీ ఆయనదే అనుకున్నాను. చేతిరాత మాత్రం వేరు. "మీ సారు మొన్న నిద్రలనే కాలం చేసిండు. రూముల మొక్కలున్నయి. మీ పత్తా ఒక్కటే దొరికింది, వచ్చి మొక్కలు తీస్కపోగలరు. ఇట్లు ఇంటి ఓనరు." మనిషికి ఒక వాక్యం, మొక్కలకు రెండు. సార్ చదివి ఉంటే లెక్క సరిగ్గానే ఉందనేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఖిలా వరంగల్‌లో ఆ పేరు పలకడానికి ఇప్పటికీ జంకే ఇల్లు ఒకటుంది. కాలేజీలో ఆయన్ని మేం నీళ్ల సార్ అనేవాళ్లం. అదే చాలు.

డెబ్బైల చివర, హనుమకొండలో నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో, ఆయన వృక్షశాస్త్రం ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్. నలభై దాటినవాడు, ఒంటరి. మైక్రోస్కోపు కింద పెట్టడానికి బ్లేడుతో కోసిన ముక్కంత సన్నగా ఉండేవాడు. వెలుతురుకు ఎదురుగా నిలబడితే లోపలి ఏర్పాట్లు కనబడతాయేమోనని నేను వెనక బెంచీలోంచి చూసేవాణ్ణి.

నాకు వృక్షశాస్త్రం మీద ప్రేమేమీ లేదు. మా నాయనకు వరంగల్ చౌరస్తాలో కిరాణం కొట్టు. మెడికల్ సీటు రాని కొడుకుల్ని అప్పట్లో బి.ఎస్సీ.లో వేసి మూతపెట్టేవారు. జాడీలో ముక్కల్లా మూడేళ్లు ఊరి, బయటికొచ్చేవాళ్లం. సార్ పాఠం కూడా ఊరగాయతోనే మొదలైంది.

"మీ అమ్మ మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తది," అన్నాడు మొదటి రోజు, గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు. "మూడో రోజుకు జాడీల ఊట తేలుతది. ఉప్పుల నీళ్లు లేవు. ముక్కకు నోరు లేదు. మరి నీళ్లు బయటికి ఎట్లొచ్చినయి? ఎవడు తెచ్చిండు?"

దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు అడిగినట్టు అడిగాడు. ముందు బెంచీ అమ్మాయిలు నిజంగానే తలలు దించుకున్నారు. "మా అమ్మను అడిగి చెప్తా సార్" అన్నాను నేను. క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు. "అడుగు. ఆమెకు తెలువదు. అయినా ప్రతి ఎండకాలం చేస్తది," అన్నాడు. ఆ ఏడాది మా ఇంట్లో జాడీ మూత తీసినప్పుడల్లా నాకు లోపల ఎవరో ఉన్నట్టుండేది.

ఆయన మాటలు నాలుగైదే, వాటినే తిప్పి తిప్పి చెప్పేవాడు. ఎక్కువగా చెప్పింది ఒకటి: "ఎవ్వడు తోయడు. పైకెల్లి గుంజుతది." చెట్టు కింది నుంచి నీళ్లను మోటారులా పైకి తోయదనీ, ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే, పోయేది తన వెనకున్నదాన్ని లాగుతుందనీ, అది దాని వెనకదాన్ని, అలా వేరు కొస దాకా ఒకే లాగుడనీ దాని అర్థం. ఇది చెప్పేటప్పుడు చేతిలో కనబడని దారం పట్టుకుని పైకి లాగేవాడు. చూస్తుంటే నా అరికాళ్లలో జిలజిలలాడేది. మంచినీళ్లు గ్లాసుతో తాగేవాడు కాదు. బొప్పాయి ఆకు కాడ, ఆ డొల్లది, కోసి తెచ్చుకుని దాంతో పీల్చేవాడు. స్టాఫ్‌రూమ్‌లో మిగతా లెక్చరర్లు కుర్చీలు కొంచెం దూరం జరుపుకున్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ల్యాబ్ వెనక ఒక వేపచెట్టు ఉండేది. ఏప్రిల్‌లో, పిట్ట కూడా తిరగని పన్నెండు గంటల ఎండలో, ఆయన ఆ చెట్టు మొదట్లో నిలబడి కళ్లు మూసుకుని స్టెతస్కోపుతో వినేవాడు. ఒకరోజు రికార్డు మీద సంతకం కోసం వెళ్లి ఆయనకు దొరికిపోయాను.

"బీపీ ఎంతుంది సార్?" అన్నాను.

ఆయన స్టెతస్కోపు తీసి నా చెవులకు తగిలించాడు. "జర ఊపిరి ఆపి విను."

మొదట నా గుండె చప్పుడే వినబడింది. తర్వాత పొద్దున తిన్న ఉప్మా ప్రయాణం వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. స్టెతస్కోపు తీసేయబోతుండగా లోపలెక్కడో గాజు మీద గోరు కొట్టినట్టు చిన్నగా 'టిక్'మంది.

"తెగింది," అన్నాడు సార్.

వినబడిందని నేను చెప్పలేదు. ఆయన చెవులకు ఏమీ లేదు. నాలుగడుగుల దూరంలో, నాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు.

నేను స్టెతస్కోపు తిరిగిచ్చి, తలెత్తి కొమ్మల్లో కాకి కోసం వెతికాను. అలాంటి సందర్భాల్లో ఒక కాకి ఉంటే మనసు కుదుటపడుతుంది. కాకి లేదు.

"నీళ్లు చెట్టుల దారాల లెక్క నిలవడి ఉంటయి," అన్నాడు. "పైన ఎండ గుంజుతాంటది, కింద మట్టి ఇయ్యదు. బిగిసి బిగిసి ఒక్కో దారం తెగుతది."

"మళ్లీ అతుక్కుంటుందా సార్?"

"గాలి సొచ్చినంక అతుకుడు కష్టం. చెట్టు ఇంకో తొవ్వ చూసుకుంటది." స్టెతస్కోపు మడుస్తూ, "ఏది వినవడ్డా చెట్టుదే అనుకోకు. సగం మన చెవులదే," అన్నాడు. అది నాకు ధైర్యం చెప్పడానికో, భయపెట్టడానికో తేల్చుకోలేకపోయాను. సంతకం మాత్రం పెట్టలేదు. బొమ్మలో కణం గోడ రెండు గీతలు గీయాలి, నేను ఒకటే గీశానట.

ఆ సంతకం కోసమే మొదటిసారి ఖిలాకు వెళ్లాను. కోట రాళ్ల మధ్య పొలాలు చేసుకునే ఒక రైతు కుటుంబం ఇంట్లో ఆయనది వాకిలి పక్క గది. తెల్లవారుతుండగా సైకిలు స్టాండు వేసి తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల నుంచి 'టప్'... కాసేపటికి 'టప్'. వాన పడి నెలయింది. తలుపు తోశాను. సార్ దీపం లేకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బకెట్టులో నాటిన చేమమొక్క, ఏనుగు చెవులంత ఆకులతో. ఒక్కో ఆకు కొస నుంచి ఒక్కో చుక్క ఊరి, లావై, కింద పెట్టిన స్టీలు పళ్లెంలో పడుతోంది.

"ఇల్లు కురుస్తోందా సార్?"

"ఇల్లు గాదు. ఆకు కురుస్తాంది. రాత్రి ఎండ లేదు గద, పైన గుంజేటోడు లేడు. వేరు ఊకోదు, తాగుతనే ఉంటది. ఎక్కువైంది ఆకు కొసల నుంచి ఎళ్లగొడ్తది." ఒక చుక్కను వేలి మీద పట్టి నా ముందు పెట్టాడు. "నాకి చూడు."

నాకాను. చల్లటి నీళ్లు. రుచి లేదు.

"ఇంతసేపు దాని లోపలున్నది. ఇప్పుడు నీ లోపలికి వచ్చింది," అన్నాడు సార్, ఇద్దర్నీ పరిచయం చేసినట్టు.

గుమ్మంలో ఇంటి ముసలమ్మ చీపురుతో నిలబడి ఉంది. "సారూ, అది గట్ల ఏడుస్తాందేంది?" అంది.

"ఏడుస్తలేదవ్వా. ఎక్కువ తాగింది."

"రాత్రంత టప్పుటప్పు అంటాంది. మా కోడలు నిద్రవోతలేదు."

"గోడకు చెవి పెట్టద్దని చెప్పు," అన్నాడు సార్. తమాషాకు అనలేదు, సలహా ఇచ్చాడు. ఆ అవ్వ ఆ రోజు నుంచి ఆ గది ఊడవడం మానేసిందని తర్వాత తెలిసింది. రికార్డు మీద సంతకం దొరికింది.

బతుకమ్మ పండుగ అయిపోయి చామంతులు విచ్చుతున్న రోజుల్లో, సార్ ల్యాబ్‌కు తెల్లచామంతి కొమ్మలు తెచ్చాడు. ఆ ఇంటి కోడలు ఆయన కిటికీ కింద పెంచుకున్న మొక్కవి. అడిగి కోసుకొచ్చాడు. వాటి కాడలు ఎర్రరంగు కలిపిన నీళ్లలో పెట్టి, "ముట్టకుండ్రి, చూస్తుండుండ్రి" అని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టే సమయానికి తెల్లరేకుల్లో సన్నటి ఎర్రగీతలు తేలాయి. పైన ఎవరూ పూయలేదు, ఎరుపు లోపల్నుంచి వచ్చింది. మా క్లాసులో ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే ముప్పై మంది నోరు మూసుకున్నారు. నేను కూడా. ఆ విషయం నాకు నచ్చలేదు.

ఏడాదిన్నరగా ఈయన మమ్మల్ని ఇలా చేస్తున్నాడు, ఒక్కసారి మనమూ ఆయనకు చేసి చూద్దాం అనిపించింది. రంగు సీసా సంచిలో వేసుకున్నాను. శనివారం సాయంత్రం ఖిలాకు వెళితే ఇంటివాళ్లు పొలంలో ఉన్నారు, సార్ లేడు. కిటికీ కింది చామంతి మొదట్లో రంగు పోసి, పైన మట్టి కప్పి వచ్చేశాను. ఆదివారం కిటికీ తెరిచేసరికి ఎర్రచామంతి పలకరించాలి. నీళ్ల సార్ మొహం చూడాలి. అంతే నా పథకం. ప్రపంచంలో నాకు తెలియని విషయాలుంటాయన్న లెక్క అందులో లేదు.

నాకు తెలియనిది, ఆ ఇంటి కోడలు మూడు వారాలుగా జ్వరంతో లోపలి గదిలో మంచం పట్టి ఉందని. దవాఖాన మాత్రలకు తగ్గుతోంది, మళ్లీ వస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం నవ్వు మొహం పెట్టుకుని వెళ్లాను. వాకిట్లో ఇరవై ముప్పై మంది. చామంతి మొక్కకు ఉన్న ఏడెనిమిది పూలూ ఎర్రగీతలు తేలి ఉన్నాయి. మొక్క చుట్టూ ఎవరో ముగ్గు వేసి నిమ్మకాయలు పెట్టారు. సార్ వాకిలి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఇంటి పెద్దకొడుకు, చేతిలో మోటారు బిగించే పటకారు.

ఆ పటకారు ఎందుకో మా వైపు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. బాణామతి, అదే చేతబడి, చేశాడని ఎవరి మీదైనా అనుమానం వస్తే ముందరి పళ్లు పీకుతారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని. ఇవి పేపర్లో చదివి, మేం క్యాంటీన్‌లో బోలెడు జోకులు వేసుకున్నవే. పటకారు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"సారూ, నిన్ను ఇంట్ల మనిషి లెక్క చూసుకున్నం," అంటున్నాడు ఇంటి పెద్దాయన. "చెట్టుకు చెవి వెట్టి ఏం మాట్లాడుతవో అడుగలే. రూముల ఏం ఏడుస్తాందో అడుగలే. ఇప్పుడు నా కోడలు నాటుకున్న మొక్కకు నెత్తురెక్కింది. పిల్ల అక్కడ ఎండిపోతాంది. దీనికేమంటవు?"

"నెత్తురు గాదు పటేలా. రంగు," అన్నాడు సార్. "ఎట్లెక్కుతదో చూపిస్త. ఒక తెల్లపువ్వు తెచ్చియ్యుండ్రి. రెండు మూడు గంటలు ఓపిక పట్టుండ్రి."

నేను ఆ క్షణంలోనే ముందుకొచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు. సార్ చేసి చూపిస్తాడు, అందరూ ఓహో అంటారు, నా అవసరం లేకుండానే గండం గడుస్తుందనుకున్నాను. నాకు సైన్సు మీద నమ్మకం కలిగింది ఆ ఒక్క పూటే.

పక్కింటి నుంచి తెల్లచామంతి ఒకటి తెచ్చారు. సార్ గదిలోంచి రంగు తెచ్చి గ్లాసు నీళ్లలో కలిపాడు, కాడ కొస కోసి అందులో పెట్టి వాకిలి మధ్యలో ఎండలో ఉంచాడు. అందరూ చుట్టూ కూర్చున్నారు. కుక్క ఒకటి వచ్చి మనుషుల్ని చూసి వెళ్లిపోయింది. అన్ని కళ్లు ఒక పువ్వు మీద పెట్టి అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నీడ గోడ దిగి గ్లాసు దగ్గరికి వచ్చే వేళకు, ఒక రేకు మొదట్లో ఎర్రటి వెంట్రుక లాంటి గీత లేచింది. తర్వాత పక్కరేకులో. ఎవరూ ముట్టుకోలేదు. అది తనంతట తానే పాకుతోంది.

సార్ మొహం వెలిగింది. "చూసిండ్రా? కాడ తాగుతాంది, పైకెల్లి గుంజుతాంది. గంతే."

"చూసినం," అంది అవ్వ మెల్లగా. "నీకు చేతనైతదని మా కండ్లతోనే చూసినం. ఇంక అడిగేదేమున్నది?"

సార్‌కు మొదట అర్థం కాలేదు. నాకు అయింది. నిర్దోషినని చూపించడానికి రెండున్నర గంటలు కష్టపడి, నేరం ఎలా చేయాలో ఊరందరి ముందు చేసి చూపించాడు. సాక్షులు ఇరవై ముప్పై మంది.

పెద్దకొడుకు లేచాడు. అప్పుడు నా కాళ్లు నన్ను ముందుకు తెచ్చాయి. "సార్ కాదు! నేను పోసిన! నిన్న పొద్దుగూకే యాళ్లకు ల్యాబ్‌ల రంగు దెచ్చి మొదట్ల పోసిన. తమాషాకు చేసిన!"

పెద్దకొడుకు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "నువ్వు చౌరస్తా కిరాణపోల్ల పిలగానివి గాదె?"

"అవు."

"మొన్న ఎండకాలం కోటల రాతి ఏనుగు లేచి నీళ్లకు పోయిందని లొల్లి జేసింది నువ్వే గద? మా చిన్నాయిన పనిడిశి ఉరికిండు."

"అవు, గని—"

వాకిలంతా నవ్వింది. పటకారు పట్టుకున్నవాడూ నవ్వాడు. "పో తమ్మీ, ఇయ్యాల మాకు తీరిక లేదు," అన్నాడు, ఆప్యాయంగానే. జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజానికి అంత పెద్ద నవ్వు వస్తుందని తెలిస్తే ముందే జాగ్రత్తపడేవాణ్ణి.

సార్ మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, హాజరు వేసుకున్నట్టు చిన్నగా తల ఊపాడు.

ఇద్దరు ఆయన భుజాలు పట్టుకున్నారు. అప్పుడు అరుగు మీది మంచంలోంచి కోడలు గొంతు వినబడింది. "అత్తా, దూప అయితాంది."

ఎవరూ కదలలేదు. పొద్దుటి నుంచి అందరూ పువ్వునే చూస్తున్నారు. ఆ పిల్లకు నీళ్లిచ్చినవాడు లేడు. "దూప," అంది మళ్లీ.

సార్ భుజాలు విదిలించుకోలేదు. నడిచాడు, అంతే. పట్టుకున్నవాళ్లు ఎందుకో వదిలేశారు. కుండలో గ్లాసు ముంచి తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాడు. అవ్వ "తాగకే" అని అరిచేలోపు ఆమె తాగింది. గ్లాసు తిరిగిచ్చి ఇంకొకటి అడిగింది. అదీ తాగింది. గుటక దిగడం వాకిలి చివర నాకు వినబడింది. ఇప్పుడు అందరూ ఆమెను చూస్తున్నారు, ఇందాక పువ్వును చూసినట్టే, ఏ రంగు తేలుతుందోనని.

ఏమీ తేలలేదు. "చల్లగున్నయి," అని ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "పోనియ్యుండ్రి. సారూ, సాయంత్రం బండికే పోవాలె. మల్ల ఈ దిక్కు కనవడద్దు."

వారానికి ఆ పిల్లకు జ్వరం పూర్తిగా తగ్గింది. మాత్రలు అప్పటికి పని చేశాయి. సార్ వెళ్లిపోయినందుకే తగ్గిందని ఖిలాలో తీర్మానించారు, ఆ తీర్మానం ఇంకా అమల్లో ఉంది.

స్టేషన్‌కు నేనే సైకిలు మీద పెట్టె తెచ్చాను. డోర్నకల్‌లో ఎవరో తెలిసినవాళ్ల బడి ఉందన్నాడు. కాలేజీకి రాజీనామా కాగితం నా చేతికే ఇచ్చాడు. ప్యాసింజరు గంట ఆలస్యం. బెంచీ మీద కూర్చున్నాం. నేను అంతసేపూ క్షమాపణ వాక్యం తయారుచేసుకుంటున్నాను. ఆయన ముందే మొదలుపెట్టాడు.

"ఎన్ని గంటలకు పోసినవు?"

"ఐదున్నరకు సార్."

"ఎంత పోసినవు?"

"సీసాడు."

"పొద్దున ఎనిమిదికే తేలిందట." వేళ్లు మడిచాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "ఎక్కద్దే. కోసిన కాడైతే ఎక్కుతది. వేరున్న మొక్కకు ఎక్కది. మట్టిల నీళ్లు కణాల నడుమ సందుల పొంటి దొంగ లెక్క వస్తయి. వేరు నడిమిట్ల ఒక పట్టీ అడ్డం ఉంటది. అక్కడికొచ్చినంక సందు బంద్. కణం లోపటికెల్లే పోవాలె, కణం ఎరిగిందాన్నే పోనిస్తది. గా రంగును పోనియ్యది. వేరు తెగితే తప్ప." నా మొహంలోకి చూశాడు. "నువ్వు ఊకెనే మొదట్ల పోసినవు గద?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఊరికే పోయలేదు. పైన పోస్తే ఎర్రమట్టి కనబడి దొరికిపోతానని, గోడవారగా పడున్న ఇనుప కమ్మితో మొక్క మొదట్లో నాలుగువైపులా లోతుగా గుచ్చి, ఆ బొక్కల్లో పోశాను. గుచ్చుతుంటే లోపల వేర్లు పుటుక్కు పుటుక్కుమనడం చేతికి తెలిసింది.

"అవును సార్. ఊకెనే పోసిన," అన్నాను.

"అయితే నీతోని కాలేదురా," అన్నాడు. "నువ్వు ఫికర్ చేయకు."

ఆ మాటతో నా ఛాతీ మీది బండ ఎవరో ఎత్తుకెళ్లినట్టయింది. నేను దాన్ని తిరిగి తెమ్మని అడగలేదు.

ఆయన మాత్రం పట్టాల వైపు చూస్తూ, వేపచెట్టు దగ్గర నిలబడ్డప్పటి మొహంతో ఉన్నాడు. "మరి ఎట్లెక్కింది?" అన్నాడు. నన్ను కాదు. బండి వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి మళ్లీ అదే అడిగాడు.

ఆ తర్వాత కార్డులు మొదలయ్యాయి. 'క్షేమం' లాంటి మాటలుండేవి కావు. 'పెద్ద మొక్కకు పోసి చూసిన. ఎక్కలేదు.' 'మట్టికి ఉప్పు కలిపి చూసిన. మొక్క వాడింది. ఎక్కలేదు.' 'కార్తీకంల పోసిన. ఎక్కలేదు.' నేను జవాబులు రాసేవాణ్ణి. చదువు అయిపోయింది, కొట్లో కూర్చుంటున్నాను, ఫలానా లెక్చరరు పేరు వెనక డిగ్రీల తోక ఇంకా పెరిగింది, ఇలాంటివి. ప్రతిసారీ ఆ కమ్మి సంగతి రాద్దామనుకునేవాణ్ణి. కార్డులో చోటు సరిపోదనుకునేవాణ్ణి. 'వేర్లు తెంపిన' అన్న రెండు మాటలకు కార్డులో బోలెడు చోటుంటుంది.

డోర్నకల్ ఓనరు రైల్వేలో గ్యాంగ్‌మన్. తాళం తీసి, "మంచోడు సార్. ఎవల జోలికి పోకపోతుండె. మొక్కలకు ఎర్రనీళ్లు పోసుడు, ముంగట కూసునుడు. ఇదే పని," అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆయన తల్లి ఒక్కతే ఉంది.

గది నిండా కుండీలు. కిటికీలో, నేల మీద, మంచం చుట్టూ. నడవడానికి ఒక మనిషి అడుగు వెడల్పు దారి. అన్నిట్లోనూ మట్టి పైన ఎర్రగా అట్ట కట్టి ఉంది. అన్నిట్లోనూ చామంతులు విరగబూశాయి. ఒక్కొక్కటీ పాలలా తెలుపు. గుండ్రటి మొహాలన్నీ కిటికీ వైపు తిరిగి, ఎవరో పిలుస్తారని ఆగినట్టున్నాయి. కుండీకొక పుల్ల, పుల్లకొక కాగితం ముక్క, ముక్క మీద ఆయన చేతిరాత: 'ఎక్కలేదు.' 'ఎక్కలేదు.' 'ఎక్కలేదు.'

ఒక జోకు వేసుకుందామని చూశాను. వినేవాళ్లు వంద మంది ఉన్నారు, అందరూ తెల్లగా.

పెరట్లో ఇనుప చువ్వ దొరికింది. కిటికీ దగ్గరి కుండీలో, మొక్క మొదట్లో, నాలుగువైపులా గుచ్చాను. పుటుక్కుమంది. అల్మారాలో రంగు సీసా ఉంది. బొక్కల్లో పోశాను. ఎండ బాగా పడుతోంది. మంచం మీద, సార్ కూర్చునే చోట పరుపు గుంటపడి ఉంటే దాని పక్కన కూర్చున్నాను.

ఎన్ని గంటలైందో తెలియదు. ఓనరు తల్లి టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసరికి, ఒక పువ్వులో, రేకు మొదట్లో, ఎర్రటి వెంట్రుక లేచింది. చూస్తుండగా పక్కరేకులో ఇంకొకటి.

ఆమె అక్కడే ఆగిపోయింది. "ఏండ్లసంది పోసిండు ఆయన," అంది. "ఒక్క పువ్వు ఎర్రగ గాలే. నువ్వు వచ్చినవు, పొద్దుగూకకముందే అయింది."

"వేరు తెంపానమ్మా. అంతే."

ఆమె చువ్వను చూసింది, పువ్వును చూసింది, నన్ను చూసింది. "గిది ఆయన నేర్పిండా నీకు?"

"లేదమ్మా. నేనే ఆయనకు చెప్పవలసింది."

ఆమె టీ గ్లాసు నా చేతికివ్వలేదు. గడప మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గొళ్లెం పడ్డ చప్పుడు వినబడింది.

నేను ఆ కుండీ పుల్లకున్న కాగితం తీసి, వెనక వైపు 'ఎక్కింది' అని రాశాను. కింద కారణం రాశాను. కమ్మి, నాలుగు బొక్కలు, అన్నీ. దాని కింద నా పేరు పెట్టాను, ఇంటిపేరుతో సహా.